అనూరుని వారసులు

సూర్యుని రథానికి ఏడు గుర్రాలు. వాటి పగ్గాలు పట్టిన సారథి పేరు అనూరుడు. ఊరువులు అంటే తొడలు. అవి లేనివాడు కనుక అతడు అనూరుడయ్యాడు. అతని పుట్టుకను భారతంలోని ఆదిపర్వం చెబుతున్నది. కశ్యపుని భార్యలైన కద్రువ, వినతలకు గుడ్ల రూపంలో సంతానం కలిగింది. కద్రువ గుడ్లు ముందుగా పగిలి నాగులు బయటికి వచ్చాయి. సవతి బిడ్డలను చూసి వినత ఓర్చుకోలేకపోయింది. తన రెండు గుడ్లలో ఒకదానిని తానే చిదిమింది. నడుముకు పైభాగం మాత్రమే ఏర్పడిన బిడ్డ అందులో నుండి వెలువడ్డాడు. తనకు ఈ గతి పట్టించిన తల్లిని దాసివి కమ్మని శపించాడు. రెండవ గుడ్డునైనా ఓపికతో కాపాడుకొమ్మని హెచ్చరించాడు. ఆ పిమ్మట వెళ్లి సూర్యునికి సారథి అయ్యాడు.

ఈ కథ చెప్పే పెద్దలు సాధారణంగా రెండవ గుడ్డు వైపు తొందరపడతారు. గరుత్మంతుడు, అమృతం, దేవతలతో యుద్ధం, తల్లి దాస్యవిముక్తి అన్నీ అటువైపే ఉన్నాయి. అన్నగారి సంగతి రెండు వాక్యాలలో ముగిసిపోతుంది. కాని ఆ రెండు వాక్యాల వద్ద కొంతసేపు నిలిచి చూడవలసి ఉన్నది. నడవలేని బిడ్డకు లోకం ఏ పని ఇచ్చింది? ఇంటి మూల కూర్చోబెట్టి అన్నం పెట్టలేదు. వేగానికి మారుపేరైన గుర్రాలను అతని చేతికి అప్పగించింది. రథంలో అందరికంటె ముందుండే స్థానం సారథిది. ప్రతి ఉదయం తూర్పున మొదట కనిపించే ఎరుపు అతడే. అందుకే అతనికి అరుణుడనే పేరు కూడా ఉన్నది. అరణ్యపర్వంలోని నలుని కథలో కూడా ఇటువంటి ఘట్టమే ఉన్నది. కర్కోటకుని కాటు వలన రూపం మారి, చేతులు పొట్టివై, గుర్తుపట్టరాని ఆకారం పొందిన నలుడు బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుని కొలువులో చేరాడు. అతనికి దొరికిన ఉద్యోగం కూడా గుర్రాలను చూడడమే. దారిలో జారిపోయిన ఉత్తరీయాన్ని రాజు అడిగేసరికి రథం యోజనం దూరం దాటిపోయిందట.

పురాణాలు ఇంత సహజంగా చెప్పిన ఈ సంబంధం లోకవ్యవహారంలో చాలకాలం కనబడలేదు. గుర్రం బలవంతుల సొత్తుగానే ఉండిపోయింది. కాకతీయుల కాలంలో గజాశ్వ దళాల అధ్యక్షులను సాహిణులు అనేవారు. 'నృత్తరత్నావళి' కర్త జాయప సేనాని గజసాహిణి. మనుమంచి భట్టు 'హయలక్షణ విలాసం' అనే ప్రత్యేక కావ్యమే రచించాడు. అమరకోశం అశ్వగతులను ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం అని అయిదు ధారలుగా చెప్పింది. జీను, కళ్ళెం, రికాబు, లాడం, రౌతు, దౌడు వంటి పదాలు మన భాషలో స్థిరపడ్డాయి. ఇవన్నీ యుద్ధానికి, వేటకు, ఊరేగింపుకు, అధికారానికి సంబంధించిన మాటలే.

ప్రకాశం ప్రాంతపు పడమటి భాగంలో మార్కాపురం దాటిన తరువాత కంభం వైపు వెళ్లే రైలుమార్గంలో తర్లుపాడు వస్తుంది. మెట్టభూముల సీమ అది. మార్కాపురం పలకలకు పేరు. తర్లుపాడు, కంభం, గిద్దలూరు పొలాలకు ఉలవ తెలిసిన పంట. ఉలవకు ఆంగ్లంలో 'హార్స్ గ్రామ్' అని పేరు. గుర్రాల దాణాగా వాడడం వలన ఆ పేరు వచ్చింది. ఉలవ పొలంలో మిగిలింది గాని, దానిని తినే గుర్రం మాత్రం ఊళ్లలో కనుమరుగైంది. జట్కాబండి స్థానంలోకి ఆటో వచ్చింది. ఇప్పటి పిల్లలు గుర్రాన్ని చూసేది పెండ్లి ఊరేగింపులోనో, దేవుని ఉత్సవాలలో అశ్వవాహనం రూపంలోనో మాత్రమే. ఇటువంటి చోట, నడవలేని బిడ్డను గుర్రమెక్కించే పద్ధతి ఒకటి లోకంలో ఉన్నదంటే వినేవారికి వింతగా తోచవచ్చు. 'ఉన్న కాళ్లతోనే ఎక్కలేని గుర్రాన్ని కాళ్లు లేనివాడు ఎట్లా ఎక్కుతాడు?' అనే ప్రశ్న రావడం సహజం.

ఆ ప్రశ్నకు ఆధునిక కాలంలో తొలి సమాధానం డెన్మార్క్ దేశంలో లభించింది. లిస్ హార్టెల్ అనే యువతి 1943, 1944 సంవత్సరాలలో ఆ దేశపు డ్రెస్సాజ్ పోటీలలో విజేత. డ్రెస్సాజ్ అనేది గుర్రపు పరుగుపందెం కాదు. రౌతు పైకి కనబడని సంజ్ఞలతో గుర్రం చేత క్రమబద్ధమైన గతులు వేయించే విద్య అది. మన ప్రాచీనుల అశ్వధారలకు ఇది దగ్గరి బంధువు. 1944లో, ఇరవై మూడేళ్ల వయస్సులో, గర్భవతిగా ఉన్న సమయంలో ఆమెకు పోలియో సోకింది. శరీరం చచ్చుబడింది. బిడ్డ మాత్రం ఆరోగ్యంగా పుట్టింది. మొదట చేయి ఎత్తడం, తరువాత నేలమీద పాకడం, ఆ పిమ్మట ఊతకర్రలతో నిలబడడం — ఒక పసిపాప నేర్చుకునే క్రమంలో ఆ తల్లి తన శరీరాన్ని తాను తిరిగి నేర్చుకున్నది. మోకాళ్ల క్రింది భాగానికి చలనం తిరిగి రాలేదు.

గుర్రపుస్వారీలో రౌతు కాళ్లతోనే ఎక్కువ మాటలు చెబుతాడు. మడమల ఒత్తిడిని బట్టి గుర్రం కదులుతుంది, తిరుగుతుంది. హార్టెల్‌కు ఆ భాష పోయింది. కాబట్టి ఆమె, ఆమె గుర్రం 'జూబిలీ' కలసి కొత్త భాష కల్పించుకోవలసి వచ్చింది. నడుము కొద్దిగా వాల్చడం, బరువు ఒక వైపుకు మార్చడం, వీపు నిటారుగా చేయడం — వీటినే ఆజ్ఞలుగా జూబిలీ గ్రహించింది. గుర్రమెక్కడానికి, దిగడానికి హార్టెల్‌కు ఇతరుల సాయం కావలసి వచ్చేది. ఎక్కిన తరువాత ఆమెకు, ఇతర రౌతులకు తేడా చూసేవారికి తెలిసేది కాదు.

ఒలింపిక్ డ్రెస్సాజ్‌లో అప్పటివరకు సైనికాధికారులకే ప్రవేశం ఉండేది. 1952 హెల్సింకి క్రీడలలో తొలిసారిగా సాధారణ పౌరులకు, స్త్రీలకు తలుపు తెరచారు. పురుషులతో సమానంగా ఒకే పోటీలో పాల్గొన్న హార్టెల్ 541.5 పాయింట్లతో రజత పతకం గెలుచుకున్నది. ఆమె వెనుక నిలిచిన ఫ్రెంచి రౌతుకు 541 వచ్చాయి. తేడా అర పాయింటు మాత్రమే. స్వర్ణ పతకం పొందిన స్వీడన్ రౌతు హెన్రి సాంసీర్ ఆమెకు చేయూతనిచ్చి విజేతల వేదిక పైకి తీసుకువెళ్లాడు. ఆమె నడవలేదన్న సంగతి చాలమంది ప్రేక్షకులకు ఆ క్షణంలోనే తెలిసి ఉంటుంది. 1956లో ఒలింపిక్స్ మెల్‌బోర్న్‌లో జరిగినా, ఆస్ట్రేలియా పశువుల దిగుమతి నిబంధనల కారణంగా గుర్రపు పోటీలను స్టాక్‌హోంలో నిర్వహించారు. అక్కడ కూడా ఆమెకు రజతమే లభించింది. 2009లో ఆమె కన్నుమూసింది.

ఆమె విజయం చూసిన తరువాత ఐరోపాలోని శారీరక చికిత్సకులు గుర్రాన్ని కొత్త కన్నుతో చూడసాగారు. అంతకుముందే, మొదటి ప్రపంచ యుద్ధకాలంలో గాయపడిన సైనికుల కోసం ఆక్స్‌ఫర్డ్ ఆసుపత్రికి ఆలివ్ శాండ్స్ అనే చికిత్సకురాలు తన గుర్రాలను తీసుకువెళ్లిన సంగతి ఉన్నది. కాని అది వ్యవస్థగా మారలేదు. 1950ల తరువాతనే ప్రయత్నాలు ఒక రూపానికి వచ్చాయి. బ్రిటన్‌లో 1964లో సలహా మండలి ఒకటి ఏర్పడి, 1969లో 'రైడింగ్ ఫర్ ది డిసేబుల్డ్ అసోసియేషన్'గా విస్తరించింది. అదే సంవత్సరం అమెరికాలో జాతీయ సంఘం, కెనడాలోని టొరంటో నగరంలో వికలాంగుల స్వారీ కోసం ఒక సాముదాయిక సంఘం ఏర్పడ్డాయి. టొరంటో సంఘాన్ని 'కార్డ్' అనే సంక్షిప్త నామంతో పిలుస్తారు. నగరపు ఉత్తర భాగంలోని జి. రాస్ లార్డ్ ఉద్యానవనంలో దాని అశ్వశాల ఉన్నది. ఒక పెద్ద నగరం తన ప్రజల విహారస్థలంలో ఇటువంటి అశ్వశాలకు చోటివ్వడం గమనించదగినది. ఊరికి దూరంగా, గోడల మధ్య దానిని దాచలేదు.

గుర్రమే ఎందుకు? ఒంటె కాదు, ఎద్దు కాదు, యంత్రం కాదు. సమాధానం గుర్రపు నడకలో ఉన్నది. మనిషి నడిచేటప్పుడు అతని కటిభాగం మూడు విధాల కదులుతుంది: కొద్దిగా పైకి క్రిందికి, కొద్దిగా కుడికి ఎడమకు, కొద్దిగా ముందుకు వెనుకకు. గుర్రం నడిచేటప్పుడు దాని వీపు మీద కూర్చున్న మనిషి కటిభాగం కూడా ఇంచుమించు ఇదే తీరున కదులుతుంది. గుర్రం మామూలు నడకలో నిమిషానికి నూరు అడుగులు వేస్తుందనుకుంటే, అరగంటలో మూడువేల సార్లు ఆ కదలిక రౌతు వెన్నుకు అందుతుంది. ప్రతి అడుగుకూ అతని శరీరం తూకం తప్పబోయి సరిదిద్దుకుంటుంది. పుట్టినది మొదలు ఒక్క అడుగు కూడా వేయని బిడ్డ శరీరానికి 'నడక అంటే ఇట్లా ఉంటుంది' అని తెలిపే మార్గాలు బహుస్వల్పం. అందులో ఇది ఒకటి. దీనికి తోడు గుర్రపు ఒంటి వేడి మనిషి వేడికంటె కొంచెం ఎక్కువ, సుమారు 38 డిగ్రీల సెల్సియస్. బిగుసుకుపోయిన తొడ కండరాలు ఆ వెచ్చదనానికి, ఆ ఊయల వంటి కదలికకు మెల్లగా సడలుతాయి. అందుకే కొన్నిచోట్ల కొందరికి జీను వేయకుండా గొర్రెతోలు పరచి కూర్చోబెడతారు.

ఇటువంటి అశ్వశాలల దినచర్య, ఏ దేశంలోనైనా, పేడతో మొదలవుతుంది. సూర్యోదయ వేళకే సేవకులు వస్తారు. మొదట మేత. గుర్రపు జీర్ణాశయం దాని దేహంతో పోలిస్తే చిన్నది. ఒకేసారి ఎక్కువ పెట్టకూడదు. ఎండుగడ్డి కొద్దికొద్దిగా పలుమార్లు వేయాలి, దాణా కొలత ప్రకారం పెట్టాలి. కొలత తప్పితే కడుపునొప్పి వస్తుంది. గుర్రానికి కడుపునొప్పి ప్రాణాంతకం కావచ్చు. వాంతి చేసుకోగల శక్తి దానికి లేదు. ఒక్కొక్క గుర్రం రోజుకు ముప్పై లీటర్లకు అటూఇటూగా నీరు త్రాగుతుంది. మేత ముగిసిన తరువాత కొట్టాలు శుభ్రం చేస్తారు. తడిసిన గడ్డిని, పేడను పారలతో తోపుడుబండికి ఎత్తి, క్రొత్త చెక్కపొట్టు పరుస్తారు. గిట్టల అడుగున ఇరుక్కున్న రాళ్లను, మట్టిని ఇనుప కొక్కెంతో తీస్తారు. ఈ పనులు చేసేవారిలో జీతగాండ్రు కొద్దిమంది. పదవీ విరమణ చేసిన ఉద్యోగులు, గృహిణులు, విద్యార్థులు వారానికి ఒక పూటో రెండు పూటలో వచ్చి చేసి వెళ్తారు.

తరువాత మాలీసు. ఈ దశకు స్వారీకి వచ్చేవారిలో కొందరు చేరుకుంటారు. చక్రాల కుర్చీలో కూర్చున్నవారికి గుర్రం భుజం, పొట్ట సరిగ్గా అందే ఎత్తులో ఉంటాయి. ఒక చేయి మాత్రమే పనిచేసేవాడు ఆ చేతితోనే బ్రష్షు పడతాడు. చూపు లేనివాడు అరచేతితో తడిమి ఎక్కడ మట్టి అంటుకున్నదో చెబుతాడు. ఈ పనిలో చూపున్నవారికంటె అతడే మేలని అనుభవజ్ఞులు అంటారు. గుర్రాన్ని ఎదురుగా గాని, వెనుకగా గాని సమీపించకూడదని అందరికీ మొదటి దినమే నేర్పుతారు. దాని కన్నులు తలకు రెండు ప్రక్కల ఉండడం వలన చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది. ముక్కు ముందు, తోక వెనుక మాత్రం కనిపించవు. కాబట్టి ప్రక్కనుండి, మాట్లాడుతూ, భుజం వద్దకు రావాలి. ఇతరుల చేత ఎప్పుడూ 'ఇది చేయకు, అది ముట్టకు' అనిపించుకునే పిల్లలు ఇక్కడ మరొక ప్రాణి భయాన్ని గుర్తించి మెలగడం నేర్చుకుంటారు.

ఏ గుర్రాన్నిబడితే ఆ గుర్రాన్ని ఈ పనికి పెట్టరు. 'రౌతు కొద్దీ గుర్రం' అని తెలుగు సామెత. ఇక్కడ ఆ సామెత తిరగబడింది. ముందు గుర్రం గుణం చూస్తారు, ఆపైన రౌతును చూస్తారు. లేతవయస్సు గుర్రాలు పనికిరావు. పోటీల నుండి విరమించినవి, నెమ్మదైనవి, చాలకాలం మనుషుల మధ్య మెలగినవి కావాలి. చక్రాల కుర్చీ చప్పుడుకు, ఊతకర్ర క్రింద పడిన శబ్దానికి, పిల్లల ఆకస్మికమైన కేకకు, విసిరిన బంతికి బెదరకుండా నెలల తరబడి అలవాటు చేస్తారు. ఒకే కొలత కూడా అందరికీ సరిపోదు. బిగుసుకుపోయిన కాళ్లు గల బిడ్డకు వెడల్పు తక్కువ వీపు గల గుర్రం కావాలి. మెత్తబడిన శరీరం గల బిడ్డకు చురుకుగా అడుగు వేసే గుర్రం కావాలి. ఎవరికి ఏ గుర్రమో నిర్ణయించడంలోనే శిక్షకురాలి విద్య సగం తెలిసిపోతుంది.

ఉదాహరణకు మస్తిష్క పక్షవాతం గల తొమ్మిదేళ్ల బాలికను ఊహించుకోవచ్చు. తల్లి ఆమెను కుర్చీలో తోసుకుంటూ వస్తుంది. శిరస్త్రాణం పెట్టి పట్టీ బిగిస్తారు. అశ్వశాలలో ఒక ప్రక్క ఏటవాలుగా కట్టిన దారి ఉంటుంది. దాని చివర అరుగు గుర్రపు వీపుతో ఇంచుమించు సమానమైన ఎత్తులో ఉంటుంది. కుర్చీ ఆ వాలు మీదుగా అరుగు పైకి చేరుతుంది. గుర్రాన్ని తెచ్చి అరుగు ప్రక్కన నిలబెడతారు. ఒకరు గుర్రం తల వద్ద, ఇద్దరు బాలికకు ఇరుప్రక్కల ఉంటారు. దినమంతటిలో అతి ప్రమాదకరమైన క్షణాలు ఇవే. ఎవరూ అనవసరంగా మాట్లాడరు. ఒక కాలిని మెల్లగా గుర్రం మెడ మీదుగా ఆవలికి చేరుస్తారు. బిగుసుకున్న తొడలు విడివడేదాకా ఆగుతారు. తొందరపడి లాగితే నొప్పి. నొప్పి కలిగితే భయం. భయం వెంటనే గుర్రానికి తెలుస్తుంది.

ఆ పిమ్మట ఆజ్ఞ ఇవ్వవలసినది బాలిక. 'నడువు' అని నోటితో అనగలిగితే అంటుంది. మాట రానివారు గుర్రం మెడ మీద చేతితో తడతారు, లేదా శరీరాన్ని కొద్దిగా ముందుకు వంచుతారు. ఆజ్ఞ రానిదే గుర్రాన్ని కదిలించకూడదని పగ్గం పట్టినవారికి నియమం. ఒక్కొక్కసారి రెండు నిమిషాలు, మూడు నిమిషాలు అట్లాగే నిలబడతారు. చూసేవారికి ఏమీ జరగనట్లే ఉంటుంది. ఇంటిలో ఆమెకు అన్నం ఎప్పుడు తినాలో, ఎప్పుడు పడుకోవాలో, ఏ గుడ్డలు కట్టుకోవాలో ఇతరులే నిర్ణయిస్తారు. ఆమె చెప్పేదాకా కదలకుండా నిలిచే ప్రాణి లోకంలో ఇంకొకటి లేదు, అందులోనూ నాలుగైదు వందల కిలోల బరువు గల ప్రాణి! ఈ నిరీక్షణే ఆ అశ్వశాలలో జరిగే పనులన్నిటిలోకీ ముఖ్యమైనది. ఓపిక లేక మధ్యలో గుర్రాన్ని తామే కదిలించే సహాయకులు మంచి మనస్సుతోనే ఆ పని చేస్తారు. అయినా, గుడ్డును చిదిమిన వినత కూడా చెడ్డ మనస్సుతో చిదమలేదు.

స్వారీ మొదలైన తరువాత బాలికకు ఇరువైపుల ఇద్దరు నడుస్తారు. వారి చేయి ఆమె తొడ మీదుగా జీనును పట్టుకుని ఉంటుంది. ముందు ఒకరు గుర్రాన్ని నడిపిస్తారు. మూడు వలయాలు తిరిగిన తరువాత ఆట మొదలవుతుంది. ఒక కొయ్యమీది వలయాన్ని తీసి వేరొక కొయ్యకు తగిలించాలి. దానికోసం చేయి చాచాలి, నడుము తిప్పాలి. గుర్రం చెవిని ముట్టాలి, వెనుకకు తిరిగి తోక మొదలును ముట్టాలి. కొందరు పిల్లలు కదలకుండా నిలిచిన గుర్రం మీదనే ఒక ప్రక్కకు, వెనుకకు, మరొక ప్రక్కకు తిరిగి, మళ్లీ ముందుకు వస్తారు. దీనికి 'ప్రపంచయాత్ర' అని పేరు. వ్యాయామశాలలో పదిసార్లు చేయమంటే ఏడ్చే కదలికలను ఇక్కడ ఇరవైసార్లు నవ్వుతూ చేస్తారు. పగ్గాలకు కూడా మార్పులుంటాయి. వేళ్లు ముడుచుకోలేనివారికి మెట్లమెట్లుగా ఉచ్చులు కుట్టిన పగ్గాలు, కుడి ఎడమలు తెలియనివారికి రంగురంగుల పగ్గాలు ఉన్నాయి. రౌతు జారితే పాదం చిక్కుకోకుండా తక్షణమే విడిపోయే రికాబులు ఉన్నాయి.

ఈ ముప్పై నిమిషాలు తల్లి కంచె వద్ద నిలబడి ఉంటుంది. తొమ్మిదేళ్లుగా ఎత్తుకొన్న చేతులకు ఆ అరగంట పని లేదు. అందరికంటె ఎత్తున కూర్చున్న కూతురిని ఆమె తల ఎత్తి చూడవలసి వస్తుంది. కుర్చీలో ఉన్న బిడ్డను లోకం ఎప్పుడూ వంగి చూస్తుంది, వంగి మాట్లాడుతుంది. ఇక్కడ నడవగలిగినవారు ముగ్గురూ దుమ్ములో నడుస్తున్నారు. నడవలేని ఆ ఒక్కతే స్వారీ చేస్తున్నది.

వారాలు, నెలలు గడిచిన తరువాత ఒక దినం వస్తుంది. పగ్గం పట్టినవారు తాడును కొద్దికొద్దిగా వదులు చేస్తారు, చివరికి గుర్రం ప్రక్కన ఊరకే నడుస్తారు. అందరికీ ఆ దినం రాదు. కొందరు ఎప్పటికీ ముగ్గురి సాయంతోనే తిరుగుతారు. వారిని తక్కువ రౌతులుగా ఎంచడం ఈ శాలల పద్ధతి కాదు.

గుర్రం వైద్యుడు కాదన్న సంగతి మరువరాదు. మస్తిష్క పక్షవాతం గల పిల్లలలో కూర్చునే తీరు, శరీర సమతౌల్యం కొంత మెరుగుపడినట్లు పరిశోధనలు చెబుతున్నాయి. ఫలితం అందరిలో ఒకే తీరుగా ఉండదు. మెదడుకు కలిగిన దెబ్బను ఏ గుర్రమూ మాన్పలేదు. ఎవరినైనా చేర్చుకునే ముందు వైద్యుని అనుమతి అడుగుతారు. డౌన్ సిండ్రోమ్ గలవారిలో కొందరికి మెడలోని తొలి రెండు వెన్నుపూసల కూర్పు వదులుగా ఉంటుంది. అటువంటివారికి గుర్రపు కుదుపు ప్రమాదం. తుంటికీలు తొలగినవారికి, ఎముకలు పెళుసుబారినవారికి, అదుపులో లేని మూర్ఛ గలవారికి కాదని చెప్పవలసి ఉంటుంది. ఆశతో వచ్చిన కుటుంబానికి కాదని చెప్పడం కష్టమే.

గుర్రానికి కూడా హద్దులున్నాయి. దాని బరువులో అయిదవ వంతుకు మించి మోయించరాదన్నది వ్యవహారంలో ఉన్న లెక్క. అంటే నాలుగు వందల కిలోల గుర్రం మీద జీనుతో కలిపి ఎనభై కిలోలకు మించరాదు. తూకం తప్పిన రౌతును మోయడం మామూలు రౌతును మోయడం కంటె ఎక్కువ శ్రమ. చెవులు వెనుకకు వాల్చడం, తోక విదిలించడం, నడికట్టు బిగించేటప్పుడు కరవబోవడం విసుగుకు గుర్తులు. ఆ గుర్తులు కనబడిన గుర్రానికి ఆ పూట సెలవు. ఎంత దూరం నుండి వచ్చిన బిడ్డ అయినా వేరొక గుర్రం కోసం వేచి ఉండాలి.

ఇట్లా మొదలైనవారిలో కొందరు పోటీలదాకా వెళ్లారు. 1996 అట్లాంటా పారాలింపిక్స్ నుండి గుర్రపుస్వారీ ఆ క్రీడలలో నిలకడగా ఉన్నది. శారీరక పరిమితిని బట్టి రౌతులను అయిదు తరగతులుగా విభజించారు. మొదటి తరగతివారు నడకలో మాత్రమే విన్యాసాలు చూపుతారు. నడకలో ఏముందని తోచవచ్చు గాని, గుర్రం చేత తిన్నగా, లయ తప్పకుండా నడిపించడమే అన్నిటికంటె కష్టమని ఆ విద్య తెలిసినవారి మాట. పోటీ బరి చుట్టూ అక్షరాలు రాసిన పలకలు నిలుపుతారు. రౌతు ఏ అక్షరం వద్ద తిరగాలో ముందే నిర్ణయమై ఉంటుంది. చూపు లేని రౌతు పోటీ చేసేటప్పుడు ఒక్కొక్క పలక వద్ద ఒక్కొక్కరు నిలబడి ఆ అక్షరాన్ని పలుకుతారు. గొంతు వినిపించిన దిక్కుకు అతడు గుర్రాన్ని నడుపుతాడు. పుట్టుకతోనే కీళ్లు బిగుసుకుపోయిన బ్రిటిష్ రౌతు లీ పియర్సన్ 2000 నుండి 2021 వరకు జరిగిన పారాలింపిక్స్‌లలో 14 స్వర్ణ పతకాలు సాధించాడు.

మన దేశంలో 2011 జనాభా లెక్కల ప్రకారం వికలాంగుల సంఖ్య 2 కోట్ల 68 లక్షలు. 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వికలాంగులు, విభిన్న ప్రతిభావంతులు, దివ్యాంగులు అంటూ పేర్లు మాత్రం తరచు మారుతున్నాయి; వాలుదారి లేని కార్యాలయం మెట్ల ముందు ఏ పేరైనా ఒక్కటే. గుర్రపుస్వారీ శిక్షణను చికిత్సతో జోడించే ప్రయత్నాలు బెంగళూరు వంటి నగరాలలో జరిగాయి. గ్రామసీమలకు ఆ మాట ఇంకా చేరలేదు. తర్లుపాడు పరిసరాలకు మరొక బాధ కూడా ఉన్నది. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను 1937లో మొదట గుర్తించినది నాటి నెల్లూరు జిల్లాలో. ఆనాటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాలో చేరాయి. నీటిలోని ఫ్లోరైడు వలన వెన్ను బిగుసుకుపోయిన వృద్ధులను గుర్రమెక్కించరాదు; వారికి కావలసినది మంచినీరు. కాని మస్తిష్క పక్షవాతంతోనో, ఆటిజంతోనో పుట్టిన పిల్లలు ఏ ఊరికైనా ఉంటారు. వారిలో చాలమందికి ఇంటి అరుగు దాటిన లోకం తెలియదు.

అటువంటి శాల తర్లుపాడు వంటి చోట వెలయాలంటే ఏమేమి కావాలో లెక్క వేయవచ్చు. మెట్టనేల ఉన్నది, ఉలవలు ఉన్నాయి. రాళ్లతో, మట్టితో వాలుదారి కట్టగల మేస్త్రీలు ఉన్నారు. నెమ్మదైన గుర్రాలు, అంతకంటె ఎక్కువగా శిక్షణ పొందిన బోధకులు దొరకడం కష్టం. వేసవిలో ఎండ తీవ్రత వలన ఉదయం ఎనిమిది గంటలలోగా పని ముగించవలసి ఉంటుంది. ప్రతి రౌతుకు ముగ్గురు నడిచేవారు కావాలి. పదిమంది పిల్లలు ఒకరి తరువాత ఒకరు అరగంట చొప్పున స్వారీ చేస్తే, నడిచేవారికి అయిదు గంటల నడక.

టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్రంలో ఉన్నత పాఠశాల పట్టం పొందాలంటే ప్రతి విద్యార్థీ నలభై గంటల సమాజసేవ చేయాలనే నిబంధన ఉన్నది. ఇటువంటి అశ్వశాలలు ఆ గంటలు గడపడానికి అనువైన చోట్లు. వచ్చిన విద్యార్థికి మొదటి దినం గుర్రమెక్కే అవకాశం ఇవ్వరు. పార చేతికిస్తారు. కొన్ని వారాలు గడిచిన తరువాత రౌతు ప్రక్కన నడవనిస్తారు. అప్పటికి అతనికి తెలియని సంగతి ఒకటి ఉంటుంది: గుర్రం అడుగు మనిషి అడుగుకంటె పెద్దది, ఇసుకలో దానితో సమానంగా నడవడం తేలిక కాదు. రౌతు తొడ మీద చేయి ఆనించి, కన్ను రౌతు ముఖం మీద ఉంచి, కాళ్లు గుర్రపు గిట్టలకు దూరంగా వేస్తూ అరగంట నడిచేసరికి ఆయాసం వస్తుంది. పైన కూర్చున్న బిడ్డ ఇంకొక చుట్టు కావాలంటుంది.